కేబుల్ టీవీ కార్యక్రమాలను ఇంట దాచుకొనుట ఎట్లు?

సరిహద్దుకు ఆవల ఉన్న తెలుగు ఇళ్లలో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది. "టీవీలో తెలుగు వచ్చే వేళకు ఇంట్లో మనుషులుండరు, మనుషులున్న వేళకు తెలుగు రాదు" అని. ఉదయం పూట వచ్చే వ్యవసాయ కార్యక్రమం మొదలయ్యేసరికి ఇంటి యజమాని పాలు పోయడానికి డెయిరీ దగ్గర వరుసలో నిలుచుని ఉంటాడు. మధ్యాహ్నం హరికథ వచ్చేటప్పుడు ఇంటి ఇల్లాలు కలుపు తీతకు వెళ్లి ఉంటుంది. సాయంత్రం పాటల కార్యక్రమం సగంలో ఉండగా కరెంటు పోతుంది. రాత్రి అందరూ అన్నాలు తిని కూర్చొనేసరికి పిల్లలు తమ బడి భాషలో ఏదో ఒక కార్యక్రమం పెట్టుకొని ఉంటారు. ముసలమ్మ గోడకు ఆనుకొని, అర్థం కాని మాటలను వింటూ కునుకు తీస్తుంది.

ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. బళ్లారి, రాయచూరు, కోలారు ప్రాంతాలలో మన పిల్లలు కన్నడంలో చదువుతున్నారు. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో చదువుతున్నారు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం ఒకటవ తరగతి మొదలుకొని ఏటేటా పై తరగతులకు తమిళం తప్పనిసరి అయినది. రాయగడ, పర్లాకిమిడి పిల్లలకు ఒడియా, సిరొంచ పిల్లలకు మరాఠీ బడి భాషలు. ఆ భాషలు రావలసినవే, వాటితోనే వారికి బ్రతుకుతెరువు. అయితే మంచి తెలుగు చెవిన పడే చోటు ఇల్లొక్కటే అయినప్పుడు, ఇంటిలోని టీవీ కూడా లెక్కలోకి వస్తుంది. రోజుకు ఒక గంట తెలుగు కార్యక్రమాన్ని మనకు వీలైన వేళకు జరుపుకోగలిగితే అవ్వకూ మనుమరాలికీ మధ్య ఆ గంట మిగులుతుంది. ఆ పని చేసి పెట్టేదే డిజిటల్ వీడియో రికార్డరు. దానిని సాధారణ కేబుల్ కనెక్షనుకు ఎట్లు అమర్చుకోవలెనో, దానికున్న పరిమితులు ఏవో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

రికార్డరు అనగా నేమి?

పాత కాలపు వీసీఆర్‌ను చాలామంది ఎరుగుదురు. వీహెచ్‌ఎస్ పద్ధతి 1976లో జపానులో మొదలై, 1980ల నాటికి మన పట్టణాలకు చేరినది. పెళ్లి క్యాసెట్లు, అద్దె క్యాసెట్లు దాని పుణ్యమే. అందులో చిత్రం అయస్కాంతపు టేపు మీద అచ్చు పడేది. టేపు అరిగితే చిత్రమూ అరిగిపోయేది. డిజిటల్ రికార్డరులో టేపు లేదు. కేబుల్ వైరులో చిత్రం అంకెల రూపంలోనే వస్తుంది గనుక, ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా హార్డ్ డిస్కులో గాని పెన్‌డ్రైవులో గాని వ్రాసుకొంటుంది. కనుక చూసేటప్పుడు ఎంత నాణ్యత ఉన్నదో, దాచుకొన్న దానికీ అంతే నాణ్యత ఉంటుంది. ఇంట్లో వాడే ఇటువంటి యంత్రాలు అమెరికాలో 1999లో టీవో పేరిట అమ్మకానికి వచ్చాయి. మన దేశంలో 2008లో టాటా స్కై ప్లస్ డబ్బాతో ఈ సౌకర్యం డిష్ కనెక్షను ఉన్న ఇళ్లకు వచ్చినది.

ఈ రోజున దీనికోసం వేరే యంత్రం కొననవసరం లేని ఇళ్లు చాలా ఉన్నాయి. కేబుల్ డిజిటల్ అయిన తరువాత ఇచ్చిన సెట్‌టాప్ బాక్సులలో కొన్నింటికి యూఎస్‌బీ రంధ్రం ఉన్నది. అందులో పెన్‌డ్రైవు పెడితే ఆ డబ్బాయే రికార్డరుగా పనిచేస్తుంది. 2011 నాటి కేబుల్ చట్ట సవరణ ప్రకారం ముందు మహానగరాలు, తరువాత హైదరాబాదు, విశాఖపట్నం, బెంగళూరు వంటి పెద్ద నగరాలు, ఆపైన చిన్న పట్టణాలు డిజిటల్ అయ్యాయి. చివరి విడతగా పల్లెలకు పెట్టిన గడువు 2017 మార్చి 31. ఆ విడతలో మన ఊళ్లకు వచ్చిన డబ్బాలే ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి.

ముందుగా, ప్యాకేజీలో తెలుగు ఉన్నదా?

ఎంత మంచి రికార్డరైనా రాని ఛానలును దాచలేదు. కాబట్టి మొదటి పని పెన్‌డ్రైవు కొనడం కాదు, ప్యాకేజీని చూసుకోవడం.

మన వీధిలో వైరు లాగిన ఆపరేటరు తానుగా ఛానళ్లను తయారుచేయడు, ఉపగ్రహం నుండి పట్టుకోడు. పెద్ద పంపిణీ సంస్థ ఒకటి తన కేంద్రంలో ఛానళ్లను పట్టి, కట్టగా కట్టి పంపుతుంది. స్థానిక ఆపరేటరు దానిని ఇళ్లకు చేరుస్తాడు. ఆ కేంద్రం ఏ రాష్ట్రపు నగరంలో ఉంటే ఆ రాష్ట్ర భాష ఛానళ్లకు ప్రాథమిక ప్యాకేజీలో పెద్ద పీట వేయడం సహజం. ఇందులో మన మీద ద్వేషమేమీ లేదు, ఎక్కువమంది అడిగేది అది. తమిళనాడులో ప్రభుత్వమే 2007లో అరసు కేబుల్ టీవీ సంస్థను స్థాపించినది. అటువంటి చోట తమిళ ఛానళ్లు ముందుండటంలో వింత లేదు. తెలుగు కావలెనంటే మనమే అడగవలెను.

అడిగే హక్కు మనకు ఉన్నది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో ప్రకటించి, 2019 ఫిబ్రవరి 1 నుండి అమలు చేసిన విధానంలో ప్రతి చెల్లింపు ఛానలుకూ విడి ధర ఉండవలెను. వినియోగదారుడు కట్టగానే కాక, ఒక్కొక్క ఛానలునూ విడివిడిగా ఎంచుకోవచ్చును. నెల బిల్లులో మూడు భాగాలుంటాయి. మొదటిది, వైరుకు చెల్లించే నెట్‌వర్క్ రుసుము. రెండవది, ఎంచుకొన్న చెల్లింపు ఛానళ్ల వెల. మూడవది, 18 శాతం జీఎస్‌టీ. నెట్‌వర్క్ రుసుము మొదట 100 ఛానళ్ల వరకు రూ.130 మించరాదని ఉండేది. 2020 మార్చి నుండి అదే సొమ్ముకు 200 ఛానళ్లు ఇవ్వవలెనన్నారు. 2024 జులై సవరణతో ఆ గరిష్ఠ పరిమితిని తొలగించారు. అందుచేత మీ ఊరిలో రుసుము ఎంతో ఆపరేటరునే అడిగి తెలుసుకోవలెను.

ఆపరేటరు వద్దకు వెళ్లేటప్పుడు "తెలుగు ఛానళ్లు వేయి నాయనా" అని నోటిమాటగా చెప్పి రాకండి. కావలసిన నాలుగైదు ఛానళ్ల పేర్లు కాగితం మీద వ్రాసి ఇవ్వండి. మీ కార్డు నంబరు, అనగా డబ్బా అడుగున అంటించిన నంబరు, దాని పక్కన వ్రాయండి. వద్దనుకొన్న ఛానళ్ల పేర్లు కూడా అదే కాగితం మీద ఉంటే బిల్లు పెరగకుండా సరిపెట్టవచ్చును. ఇంట్లో ఎవరూ చూడని ఖరీదైన క్రీడా ఛానలు ఒకటి తీసివేస్తే ఒక తెలుగు ఛానలుకు చోటు దొరకవచ్చును.

అడిగిన ఛానలు ఆ పంపిణీ సంస్థ వద్ద అసలే లేకపోవచ్చును. అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, ఇంటిపై డిష్ పెట్టుకొనే డీటీహెచ్. ఉపగ్రహానికి రాష్ట్ర సరిహద్దులు లేవు. హైదరాబాదులో దొరికే తెలుగు ఛానలు సిరొంచలోనూ అదే కంపెనీ డిష్‌కు దొరుకుతుంది. రెండవది, 2004 డిసెంబరులో దూరదర్శన్ ప్రారంభించిన ఉచిత డిష్. దీనికి నెలవారీ రుసుము లేదు, డిష్షూ డబ్బా ఒకసారి కొనుక్కొంటే చాలును. తెలుగు ఛానళ్లు అందులో కొద్దిగానే ఉన్నా, దూరదర్శన్ వారి తెలుగు ప్రసారాలు దొరుకుతాయి. రికార్డింగుకు సంబంధించి ఈ డబ్బాకు ఒక మేలు ఉన్నది. దానిని ముందు చెబుతాము.

డబ్బాను పరీక్షించుట

డబ్బా వెనుకగాని ముందుగాని యూఎస్‌బీ రంధ్రం ఉన్నదేమో చూడండి. రిమోట్ మీద ఎర్ర చుక్క గుర్తు గల బటన్ ఉన్నదేమో చూడండి. రెండూ ఉన్నంత మాత్రాన రికార్డింగు జరుగుతుందని కాదు. కొన్ని డబ్బాలలో ఆ రంధ్రం ఫోటోలు, పాటలు చూపడానికే పనిచేస్తుంది. కొన్నింటిలో రికార్డింగు సౌకర్యం ఉన్నా పంపిణీ సంస్థ దానిని మూసి ఉంచుతుంది. కాబట్టి చిన్న పెన్‌డ్రైవు ఒకటి పెట్టి, ఏదైనా ఛానలులో ఎర్ర బటన్ నొక్కి ఐదు నిమిషాలు రికార్డు చేసి చూడండి. తెరమీద "సౌకర్యం లేదు" అన్న అర్థంలో సందేశం వస్తే ఆపరేటరును అడగండి. రికార్డింగు గల డబ్బాకు మార్చుకోవచ్చునా, దానికి ఎంత చెల్లించవలెను అని ముందే తెలుసుకోండి.

ఇంకొక విషయం. చాలా డబ్బాలలో ట్యూనరు ఒక్కటే ఉంటుంది. ట్యూనరు అనగా ఛానలును పట్టే భాగం. అది ఒక ఛానలును రికార్డు చేస్తున్నప్పుడు వేరొక ఛానలు చూడటానికి వీలుపడదు, లేదా కొన్నింటికే వీలుపడుతుంది. రెండు ట్యూనర్లు గల డబ్బాలో ఒకటి చూస్తూ మరొకటి రికార్డు చేయవచ్చును. ఒక్క టీవీ మీద మామగారి వార్తలూ కోడలి ధారావాహికా పోటీపడే ఇళ్లకు ఈ తేడా చిన్నది కాదు. కొనే ముందే అడగవలసిన ప్రశ్న ఇది.

ఎంత చోటు కావలెను?

దీనికొక సులభమైన లెక్క ఉన్నది. సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో వచ్చే చిత్రం గంటకు 450 ఎంబీ చోటు తీసుకొంటుంది. మామూలు ఛానలు సెకనుకు సుమారు 3 మెగాబిట్లతో వస్తున్నదనుకొంటే గంటకు 1,350 ఎంబీ, అనగా ఒకటింబావు జీబీకి కొంచెం ఎక్కువ. ఆ లెక్కన 32 జీబీ పెన్‌డ్రైవులో 20 గంటలకు పైగా పడుతుంది. హెచ్‌డీ ఛానలు 8 మెగాబిట్లతో వస్తే గంటకు 3.6 జీబీ కావలెను. అప్పుడు అదే పెన్‌డ్రైవులో 8 గంటలే పడుతుంది. చిన్న టీవీ ఉన్న ఇంట హెచ్‌డీ తేడా పెద్దగా కనిపించదు కాబట్టి మామూలు ఛానలును రికార్డు చేసుకోవడమే పొదుపు.

రోజుకు రెండు గంటలు దాచుకొని, చూసినది తుడిచివేసే ఇంటికి 32 జీబీ చాలును. ఎక్కువ కావలెనంటే 500 జీబీ హార్డ్ డిస్కు పెట్టవచ్చును. అందులో పై లెక్క ప్రకారం 350 గంటలకు పైగా పడుతుంది. అయితే కొన్ని డబ్బాల యూఎస్‌బీ రంధ్రం హార్డ్ డిస్కును తిప్పగలిగేంత కరెంటు ఇవ్వదు. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తూ మొదలుకాకపోతే అదే కారణం. అప్పుడు సొంత అడాప్టరు ఉన్న డిస్కు వాడవలెను.

ఒక హెచ్చరిక. మొదటిసారి పెట్టినప్పుడు డబ్బా "ఫార్మాట్ చేయనా?" అని అడుగుతుంది. సరే అంటే అందులో ఉన్నదంతా తుడుచుకుపోతుంది. అమ్మాయి పెళ్లి ఫోటోలున్న పెన్‌డ్రైవును దీనికి వాడకండి. కొత్తది ఒకటి కొని, దాని మీద "టీవీ" అని వ్రాసి విడిగా ఉంచండి. ఫార్మాట్ చేసేటప్పుడు ఫ్యాట్-32 అన్న పద్ధతి ఎంచుకొంటే ఒక్కొక్క ఫైలు 4 జీబీ మించరాదు. అప్పుడు పొడవైన సినిమా రెండు ముక్కలుగా పడవచ్చును, లేదా మధ్యలో ఆగిపోవచ్చును. డబ్బా ఒప్పుకొంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి మేలు.

వైర్ల అమరిక

వీధి నుండి వచ్చిన కేబుల్ వైరు నేరుగా డబ్బాకు తగిలించవలెను. డబ్బా నుండి టీవీకి హెచ్‌డీఎంఐ వైరు ఉంటే అది, లేకపోతే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు. పసుపు చిత్రానికి, మిగిలిన రెండూ ధ్వనికి. రంగుకు రంగు కలిపితే చాలును. టీవీ రిమోట్‌లో ఆ వైరు ఉన్న ఇన్‌పుట్‌ను ఎంచుకోవలెను.

రెండు గదులలో టీవీలున్న ఇళ్లలో వైరును స్ప్లిట్టరుతో చీలుస్తారు. రెండుగా చీల్చినప్పుడు ఒక్కొక్క వైపుకు సగానికంటె తక్కువ బలమే వెళ్తుంది. ఊరి చివరి ఇళ్లకు, పొలంలో కట్టుకొన్న ఇళ్లకు సంకేతం ముందే బలహీనంగా చేరుతుంది. దానిని మరల చీలిస్తే చిత్రం గళ్లుగళ్లుగా విరుగుతుంది. రికార్డరు ఆ గళ్లను కూడా ఉన్నవి ఉన్నట్లే దాస్తుంది. దాచిన తరువాత బాగుచేసే ఉపాయం లేదు. కాబట్టి రికార్డింగు డబ్బాకు వెళ్లే వైరును చీల్చకుండా ఉంచండి. తుప్పు పట్టిన పిన్నులను మార్పించండి. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు వానకాలంలో మొరాయిస్తాయి.

రికార్డింగు పెట్టే విధానం

1. ముందు డబ్బా గడియారం సరిగా ఉన్నదో లేదో చూడండి. గడియారం తప్పితే రికార్డింగూ తప్పుతుంది.

2. ఇప్పుడే వస్తున్న కార్యక్రమం కావలెనంటే ఎర్ర బటన్ నొక్కండి. ఆపడానికి చదరపు గుర్తు గల బటన్.

3. రాబోయే కార్యక్రమం కావలెనంటే కార్యక్రమ సూచికను తెరచి, దాని పేరు మీద నిలిపి ఎర్ర బటన్ నొక్కండి. సూచిక ఖాళీగా ఉన్నా, తప్పు వేళలు చూపుతున్నా మెనూలో టైమరు తెరచి ఛానలు నంబరు, మొదలు వేళ, ముగింపు వేళ మీరే వ్రాయండి.

4. మొదలుకు 5 నిమిషాలు ముందు, ముగింపుకు 10 నిమిషాలు తరువాత వరకు పెట్టండి. కార్యక్రమాలు అనుకొన్న నిమిషానికే మొదలుకావు, ముగియవు.

5. రోజూ వచ్చే కార్యక్రమమైతే "ప్రతిదినం" అని, వారానికొకసారి వచ్చేదైతే "ప్రతివారం" అని ఎంచుకోండి. ఒకసారి పెడితే చాలును.

6. చూసిన తరువాత తుడిచివేయండి. చోటు నిండితే కొత్త రికార్డింగు మధ్యలో ఆగిపోతుంది.

7. రికార్డింగు జరుగుతుండగా పెన్‌డ్రైవు లాగవద్దు. ఆ ఒక్కటే కాక, లోపల ఉన్నవన్నీ చెడిపోయే ప్రమాదమున్నది.

కొన్ని డబ్బాలలో నడుస్తున్న కార్యక్రమాన్ని నిలిపి, మరల అక్కడి నుండే చూసే వీలు కూడా ఉన్నది. గేదె తాడు తెంచుకొన్నదని పరుగెత్తవలసి వస్తే నిలుపుదల బటన్ నొక్కి వెళ్లి, వచ్చిన తరువాత కొనసాగించవచ్చును.

కరెంటు, పిడుగు

పల్లెలో రికార్డరుకు మొదటి శత్రువు కరెంటు కోత. టైమరు పనిచేయవలెనంటే డబ్బా రిమోట్‌తో నిద్రలో ఉండవలెను గాని, గోడ స్విచ్ ఆపి ఉండరాదు. మనకేమో పడుకొనే ముందు అన్ని స్విచ్‌లూ ఆపే అలవాటు. ఉదయం ఆరున్నరకు పెట్టిన రికార్డింగు ఎందుకు పడలేదో తెలియక డబ్బాను తిట్టుకొంటాము. డబ్బా స్విచ్ మీద చిన్న కాగితం అంటించి "ఆపవద్దు" అని వ్రాసిపెట్టడం మంచిది. ఇంట ఇన్వర్టరు ఉంటే డబ్బాను దాని లైనుకు కలపండి. అయితే ఆపరేటరు చోట, వీధిలోని యాంప్లిఫయరు చోట కూడా కరెంటు ఉన్నప్పుడే సంకేతం వస్తుందని గుర్తుంచుకోండి.

ఉరుములు మెరుపులు ఉన్న రోజున మాత్రం ఈ నియమం వర్తించదు. కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరును కూడా డబ్బా నుండి ఊడదీయవలెను. స్తంభాల మీదుగా కిలోమీటర్ల కొద్దీ సాగిన ఆ వైరు ద్వారానే చాలా డబ్బాలు కాలిపోతాయి. పోయిన కార్యక్రమం మరల రావచ్చును, డబ్బా పోతే దానితో పాటు మరొకటి కూడా పోతుంది. అది ఏమిటో ఇప్పుడు చెబుతాను.

తాళం సంగతి

మా ఇంట జరిగినదే ఇది. మా ఊరి గంగమ్మ జాతరను ఒక సంవత్సరం స్థానిక కేబుల్ ఛానలులో చూపించారు. జాతర ముందు రోజు ఆడవాళ్లు పిండి విసరుతూ పాడే పాటలను కూడా చిత్రించారు. అందులో మా నాయనమ్మ పాట ఒకటి, నాలుగైదు నిమిషాలు ఉంటుంది. డబ్బాలో రికార్డు చేసి, వచ్చిన చుట్టాలందరికీ చూపించాము. పెన్‌డ్రైవు భద్రంగా ఉన్నది కదా అని ధీమాగా ఉన్నాము. రెండేళ్ల తరువాత ఒక వైశాఖ మాసపు వానకు డబ్బా కాలిపోయినది. ఆపరేటరు కొత్త డబ్బా ఇచ్చాడు. పాత పెన్‌డ్రైవు పెట్టితే కొత్త డబ్బా ఒక్క ఫైలును కూడా చూపలేదు. కంప్యూటరు షాపులో ఇచ్చి చూశాము, అక్కడా తెరుచుకోలేదు. అప్పటికి నాయనమ్మ లేదు. ఆ పెన్‌డ్రైవు మా అల్మారాలో ఇప్పటికీ ఉన్నది. పాట దానిలోనే ఉన్నది, కాని తీయలేము.

కారణం ఇది. చెల్లింపు ప్రసారాలు దొంగతనానికి గురికాకుండా పంపిణీ సంస్థలు వాటికి తాళం వేసి పంపుతాయి. రికార్డు చేసినప్పుడు డబ్బా మరల తన సొంత తాళం వేస్తుంది. ఆ తాళపు చెవి ఆ డబ్బాలోనే ఉంటుంది. డబ్బా కాలినా, మారినా, కనెక్షను తీసివేసినా చెవి పోయినట్లే. కొన్ని డబ్బాలలో నెల రుసుము కట్టకపోతే పాత రికార్డింగులు కూడా తెరుచుకోవు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. డబ్బా రికార్డరు ధాన్యపు గాదె వంటిది. ఆ ఏడు తినడానికి పనికివస్తుంది, తరాల తరబడి దాచడానికి కాదు.

మరి దాచదగినది కనబడితే ఏమి చేయవలెను? మూడు మార్గాలున్నాయి.

మొదటిది, అన్నింటికంటె మేలైనది, తీసినవారినే అడగడం. స్థానిక ఛానలులో మీ ఊరి జాతర, మీ బడి వార్షికోత్సవం, మీ ఇంటి పెద్ద మాట వస్తే ఆ వారంలోనే వెళ్లి తాళం లేని ప్రతి ఒకటి పెన్‌డ్రైవులో పెట్టించుకోండి. నెలలు గడిస్తే వారే తుడిచివేస్తారు. మేము చేయని పని ఇదే.

రెండవది, డబ్బా నుండి వచ్చే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరును విడి రికార్డరుకు గాని, కంప్యూటరుకు తగిలించే వీడియో క్యాప్చర్ పరికరానికి గాని కలపడం. నాణ్యత కొంత తగ్గుతుంది, కాని తయారైన ఫైలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకొంటుంది. హెచ్‌డీఎంఐ వైరులో వచ్చే చిత్రానికి కూడా నకలు నివారించే రక్షణ ఉంటుంది కనుక దానితో ఈ పని సాధారణంగా కుదరదు.

మూడవది, ఉచిత డిష్ డబ్బా. బజారులో దొరికే ఈ డబ్బాలలో చాలావాటికి యూఎస్‌బీ రికార్డింగు ఉన్నది. తాళం లేకుండా వచ్చే ఛానళ్లను రికార్డు చేస్తే ఆ ఫైళ్లు చాలావరకు కంప్యూటరులో తెరుచుకొంటాయి. దూరదర్శన్‌లో వచ్చే కచేరీలు, నాటకాలు దాచుకోదలచినవారికి ఇది అనుకూలం. ముందు చెబుతామన్న మేలు ఇదే. కొనేముందు దుకాణంలోనే ఐదు నిమిషాలు రికార్డు చేయించి, కంప్యూటరులో పెట్టి చూపించమని అడగండి.

చట్టం ఏమంటున్నది?

ఇంట రికార్డు చేసుకోవడం నేరమేమోనని కొందరికి శంక. అమెరికాలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. తరువాత చూసుకొనేందుకు ఇంట రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984లో ఆ కోర్టు తీర్పు చెప్పినది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 37వ సెక్షను ప్రసార సంస్థలకు తమ ప్రసారాల మీద 25 సంవత్సరాల హక్కు ఇస్తున్నది. అదే చట్టం 39వ సెక్షను సొంత ఉపయోగానికి చేసుకొనే రికార్డింగు ఆ హక్కుకు భంగం కాదని చెబుతున్నది.

అయితే "సొంత ఉపయోగం" అన్న మాటను గుర్తుంచుకోవలెను. దాచినదానిని అమ్మరాదు, రుసుము తీసుకొని ఊరిలో ప్రదర్శించరాదు, ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టరాదు. హక్కులను భంగపరచే ఉద్దేశంతో రక్షణ తాళాలను పగులగొట్టడం 2012 సవరణతో చేరిన 65-ఎ సెక్షను కింద నేరం. తాళం తీసి ఇస్తామనే దుకాణాల జోలికి పోకపోవడం మంచిది.

ఏమి దాచుకోవలెను?

యంత్రం ఉన్నదని కనబడిందల్లా దాచితే పెన్‌డ్రైవు నిండుతుంది గాని ఇంటికి ఒరిగేదేమీ లేదు. వారానికి నాలుగైదు గంటలు ఎంచుకొంటే చాలును. రైతుకు అన్నదాత వంటి వ్యవసాయ కార్యక్రమం ఒకటి. అందులో చెప్పిన మందు మోతాదును వెనక్కు త్రిప్పి రెండవసారి వినవచ్చును, కాగితం మీద వ్రాసుకోవచ్చును. అయితే ఆ సలహాలు ఆంధ్ర, తెలంగాణ నేలలను, అక్కడి పథకాలను దృష్టిలో ఉంచుకొని చెప్పేవి. సబ్సిడీ విషయం మాత్రం మీ తాలూకా వ్యవసాయ కార్యాలయంలోనే అడగవలెను. పిల్లలకు పాడుతా తీయగా వంటిది ఒకటి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన ఆ కార్యక్రమం 1996లో మొదలైనప్పటి నుండి అక్షరం స్పష్టంగా పలకడానికి విలువ ఇచ్చినది. పిల్లలు ఒక పాటను నాలుగుసార్లు త్రిప్పి వింటే ళకారం, ణకారం నాలుకకు అలవాటవుతాయి. పెద్దలకు పురాణ ప్రవచనమో, పాత సినిమాయో ఒకటి. పుష్కరాల వంటివి వచ్చినప్పుడు అవి. ప్రాణహిత పుష్కరాలు సిరొంచ వద్ద 2022లో జరిగాయి, మరల చూడవలెనంటే 2034 దాకా ఆగవలెను.

దాచిన గంటను ఎప్పుడు చూడవలెనన్నది కూడా ఇంట ముందే అనుకోండి. రాత్రి అన్నాల తరువాత ఒక వేళ నిర్ణయించుకొని అవ్వ పక్కన పిల్లలను కూర్చోబెట్టండి. అర్థం కాని మాట వచ్చినప్పుడు నిలుపుదల బటన్ నొక్కి ఆమెను అడగనివ్వండి. బడిలో ఎవరూ చెప్పని మాటలు ఆమె చెబుతుంది. కేబుల్ వారి వేళలో ఆ వీలు లేదు, మన వేళలో ఉన్నది.

ఇక ఆ అవ్వ పాడే పాట, చెప్పే కథ ఏ ఛానలులోనూ రావు. వాటికి కేబుల్ అక్కరలేదు. చేతిలోని ఫోనుతోనే రికార్డు చేసి, రెండు చోట్ల దాచండి. ఆ ఫైలుకు ఎవరి తాళమూ ఉండదు.